ఒకే ఇంటికి రెండు దేశాల్లో రెండు కొన్న ధరలు: ఒక వారసత్వ ఇంటి పన్ను కేసు

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇక్కడి ఇల్లు వారసత్వంగా రావడం, వాళ్లు దాన్ని అమ్ముకోవడం మా పన్ను సలహాల ఆఫీసులో తరచూ చూసే పనే. చాలా కేసులు ఒకేలా సాగిపోతాయి. ఇది కూడా అలాగే మొదలైంది గానీ, మేం అలవాటుగా ఇచ్చే సలహాలు కొన్ని ఇందులో పని చేయలేదు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగాల వివరాలు తీసేశాను. అంకెలు గుండ్రం చేశాను, లెక్క తీరు మాత్రం అసలుదే. సెక్షన్ల నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి, అమ్మకం నాటికి అదే అమల్లో ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు వెతికేవాళ్లకు నంబర్లు వేరుగా కనిపిస్తాయి.

నేపథ్యం

కోస్తాలోని ఒక పట్టణంలో 1980ల్లో స్థలం కొని కట్టుకున్న ఇల్లు. తండ్రి స్వార్జితం. తల్లి ముందే పోయారు. తండ్రి 2023 జనవరిలో వీలునామా రాయకుండా చనిపోయారు. ఇద్దరే పిల్లలు. అక్క రెండు దశాబ్దాలుగా అమెరికాలో ఉంది, అక్కడి పౌరురాలు, ఇక్కడ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉంది. తమ్ముడు ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం చెరి సగం. "అమ్మాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా" అని ఒక పెద్దాయన అన్నారట. తమ్ముడే ఆ మాటను పక్కన పెట్టాడు. ఈ కేసు సాఫీగా నడవడానికి సగం కారణం అదే.

ఇల్లు కాక బ్యాంకు డిపాజిట్లు ఉన్నాయి. వాటికి తమ్ముడు నామినీ. డబ్బు తన చేతికి వచ్చాక సగం, అంటే 12 లక్షలు, అక్క ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులు ఇక్కడి రాబడి వేసుకునే బ్యాంకు ఖాతా) వేశాడు. నామినీ అంటే యజమాని కాదని చాలామందికి ఇప్పటికీ తెలియదు, ఇతనికి తెలుసు.

వాళ్లు మా దగ్గరికి వచ్చింది 2024 ఆగస్టులో. అప్పటికే కొనేవాళ్లు కుదిరారు. ధర 1.80 కోట్లు. అయిదు లక్షలు అడ్వాన్సు తీసుకుని, తమ్ముడు ఒక్కడే అగ్రిమెంటు మీద సంతకం పెట్టేశాడు.

వాళ్లు అడిగింది, నాకు కనిపించింది

అక్క మొదటి ప్రశ్న "వారసత్వ పన్ను ఎంత పడుతుందండీ?" అని. నిజానికి ఇందులో అన్నిటికన్నా తేలికైన ప్రశ్న అదే. భారతదేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. వారసత్వంగా వచ్చిన ఆస్తి తీసుకున్నవాళ్లకు ఆదాయం కాదు. అమెరికా ఎస్టేట్ పన్ను చనిపోయిన మనిషి మీద ఆధారపడుతుంది. ఈ తండ్రి అక్కడి పౌరుడు కాదు, నివాసి కాదు, అక్కడ ఆస్తీ లేదు. కాబట్టి రెండు వైపులా సున్నా.

రెండో ప్రశ్నలో మాత్రం కోపం ఉంది. 2024 జూలై 23 బడ్జెట్‌లో స్థిరాస్తికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లాభం లెక్కించడం) తీసేసి పన్నును 12.5 శాతం చేశారు. గొడవ జరగడంతో ఆగస్టులో సవరణ తెచ్చారు. ఆ తేదీకి ముందు సంపాదించిన భూమి, భవనాలకు ఇక్కడి నివాసులైన వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు పాత పద్ధతిలో, అంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం చొప్పున, లెక్క వేసుకుని రెండింటిలో తక్కువైనది కట్టొచ్చు. ప్రవాసులకు ఆ వీలు ఇవ్వలేదు. "ఒకే ఇల్లు, ఒకే రోజు, ఒకే ధర. తమ్ముడికి ఒక పన్ను, నాకు ఇంకో పన్నా? ఆ తేడా వాడు నాకు సర్దాలి కదా" అని ఆవిడ వాదన. తమ్ముడు మొహమాటానికి ఒప్పుకునేలా ఉన్నాడు.

మూడోది ప్రశ్న కాదు, నమ్మకం: "ఇండియాలో ఎంత కట్టినా అమెరికాలో తగ్గిస్తారు, కాబట్టి నాకు పోయేదేమీ లేదు."

వాళ్లు అడగనివి మూడు నాకు కనిపించాయి. కొనే ఆయన డాక్యుమెంట్ రైటర్ మాట విని మొత్తం ధర మీద 1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసే ఏర్పాటులో ఉన్నాడు. అక్క పాన్ కార్డు, పెళ్లికి ముందు తీసుకున్నది, ఆధార్ లింకు లేక ఇనాపరేటివ్ (చెల్లనిది) అయిపోయి ఉంది. అమెరికాలో వారసత్వం గురించి ఐఆర్ఎస్‌కు (అక్కడి పన్ను శాఖకు) తెలియజేయాల్సిన ఫారం 3520 దాఖలు చేయలేదు, గడువు దాటిపోయింది.

ముందు లెక్క, తర్వాతే వాదన

తేడా ఎవరు భరించాలన్నది తేల్చే ముందు అసలు తేడా ఉందా అన్నది చూద్దామన్నాను. 2001కి ముందు కొన్న ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. వారసులకు కూడా తండ్రి ధరే వర్తిస్తుంది. వాళ్లు అప్పటికే ఒక వాల్యూయర్ చేత 30 లక్షలకు రిపోర్టు రాయించుకున్నారు. నేను దాన్ని తీసుకోలేదు. 2020 ఫైనాన్స్ చట్టం తర్వాత ఆ విలువ, అదే తేదీ నాటి రిజిస్ట్రేషన్ శాఖ విలువను మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి 2001 మార్కెట్ విలువ పత్రం తెప్పిస్తే స్థలం, కట్టడం కలిపి 16 లక్షలు వచ్చింది. 30 లక్షల రిపోర్టు పట్టుకుని రిటర్ను వేస్తే పన్ను కొంత తగ్గేది, తర్వాత నోటీసూ వచ్చేది.

ఇప్పుడు ఒక్కొక్కరి వాటా: అమ్మిన ధర 90 లక్షలు, 2001 విలువ 8 లక్షలు.

అక్కకు, ఇండెక్సేషన్ లేకుండా: లాభం 82 లక్షలు, 12.5 శాతం చొప్పున 10.25 లక్షలు.

తమ్ముడికి, ఇండెక్సేషన్‌తో: ప్రభుత్వ ధరల సూచీ 2001-02లో 100, 2024-25లో 363 కాబట్టి 8 లక్షలు 29.04 లక్షలవుతుంది. వారసులకు సూచీని తండ్రి కాలం నుంచే లెక్కించవచ్చని బొంబాయి హైకోర్టు మంజులా షా కేసులో 2011లో చెప్పిన దారినే పట్టాను. లాభం 60.96 లక్షలు, 20 శాతం చొప్పున 12.19 లక్షలు.

అంటే ఇండెక్సేషనే ఎక్కువ పన్ను. తమ్ముడు కూడా 12.5 శాతమే ఎంచుకుంటాడు. అక్క పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇది ఈ ఇంటికే తగిలిన అదృష్టం కాదు. ఆ ఏడాది సూచీతో లెక్క వేస్తే, అమ్మిన ధర 2001 విలువకు సుమారు 8 రెట్లు దాటిందా, ఇండెక్సేషన్ లేని 12.5 శాతమే మేలు. 8 రెట్ల లోపైతే పాత పద్ధతి మేలు. మన పట్టణాల్లో రిజిస్ట్రేషన్ విలువలు 2001లో ఎంత తక్కువగా ఉండేవో గుర్తున్నవాళ్లకు చాలా ఇళ్లు ఏ వైపు పడతాయో చెప్పక్కర్లేదు. ఆ కాగితం చూశాక అక్క కోపం దిగిపోయింది. అక్కాతమ్ముళ్ల మధ్య సర్దుబాటు మాట మళ్లీ రాలేదు.

పన్ను మీద వేసే సర్‌చార్జి 10 శాతం, సెస్ 4 శాతం కలిపితే అక్క పన్ను 11.73 లక్షలకు చేరింది.

పనికిరాని దారులు

తమ్ముడికి తెలిసిన ఒకాయన ఒక ఉపాయం చెప్పాడు. అక్క తన వాటాను తమ్ముడి పేరిట రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) రాసేస్తే, తమ్ముడు మొత్తం అమ్మి, సెక్షన్ 54 కింద ఇంకో ఇల్లు కొని పన్ను ఎగరగొట్టవచ్చు, అక్క డబ్బు మెల్లగా పంపొచ్చు. వినడానికి బాగుంటుంది. పైగా తమ్ముడు ఎలాగూ ఫ్లాట్ కొంటున్నాడు.

నేను వద్దన్నాను. రిలీజ్ నిజమైనదైతే అక్కకు ఆ డబ్బు మీద హక్కు లేదు. హక్కు ఉందంటే రిలీజ్ నిజం కాదు. అధికారి ముందు ఈ రెండింటిలో ఏదో ఒకటే చెప్పగలం. అమెరికా వైపు చూస్తే, ఆవిడ తమ్ముడికి లక్ష డాలర్ల దాకా బహుమతి ఇచ్చినట్టు. 2024లో ఒక మనిషికి 18,000 డాలర్లు దాటితే ఫారం 709 (బహుమతుల రిటర్ను) వేయాలి. డబ్బు తిరిగి వస్తే అది మళ్లీ విదేశీ వ్యక్తి ఇచ్చిన బహుమతి. ఇవన్నీ చెప్పినా ఇద్దరూ ఊగిసలాడుతూనే ఉన్నారు. చివరికి వాళ్లను ఆపింది టీసీఎస్, అంటే డబ్బు విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. తమ్ముడు 90 లక్షలు ఎల్‌ఆర్‌ఎస్ (ఇక్కడి నివాసులు విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద ఒకే ఏడాదిలో పంపితే, అప్పటి నిబంధన ప్రకారం 7 లక్షలు దాటినదాని మీద బ్యాంకు 20 శాతం, అంటే 16.6 లక్షలు, అతని దగ్గర పట్టుకుంటుంది. తర్వాత రిఫండ్ వస్తుందనుకోండి. కానీ ఫ్లాట్ కొనబోయే మనిషికి అంత డబ్బు ఇరుక్కోవడం కుదరదు.

రెండోది లోయర్ టీడీఎస్ సర్టిఫికేట్, అంటే టీడీఎస్ తక్కువ కోయమని పన్ను శాఖ ఇచ్చే పత్రం. ప్రవాసి అమ్మినప్పుడు కొనేవాళ్లు సెక్షన్ 195 కింద టీడీఎస్ కోయాలి. లాభం ఎంతో కొనేవాళ్లకు తెలియదు కాబట్టి మొత్తం ధర మీద కోస్తారు. 50 లక్షలు దాటి కోటి లోపు ఉంటే రేటు 12.5కు సర్‌చార్జి, సెస్ కలిపి 14.3 శాతం. 90 లక్షల మీద 12.87 లక్షలు. దీన్ని తగ్గించే ఆ సర్టిఫికేట్ కోసం ఫారం 13 పెట్టడం మాకు అలవాటు. పెట్టాం. పాన్‌ను ఓసీఐ, పాస్‌పోర్టు కాపీలతో ప్రవాసి హోదాకు మార్పించి మళ్లీ ఆపరేటివ్ చేయించగలిగాం. అది ఎలాగూ తప్పదు, లేకపోతే టీడీఎస్ కనీసం 20 శాతం అయ్యేది. కానీ ఆ పాన్ పరిధి ఇంకా పాత వార్డులోనే ఉండిపోయింది. అంతర్జాతీయ పన్నుల విభాగానికి బదిలీ కావడం ఆలస్యమైంది. ఈలోపు కొనే ఆయన హోమ్ లోన్ మంజూరు గడువు దగ్గర పడింది.

అక్కడ ఆగి ఆలోచించాను. ఈ సర్టిఫికేట్ వల్ల మిగిలేది ఎంత? పాత 20 శాతం రోజుల్లో టీడీఎస్ మొత్తం ధర మీద 22.88 శాతం దాకా పోయేది, అసలు పన్ను ఇండెక్సేషన్ తర్వాత చాలా తక్కువ. కాబట్టి సర్టిఫికేట్ లేకుండా అమ్మమని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు 12.87కూ 11.73కూ మధ్య తేడా 1.14 లక్షలు. లాభం మీద మినహాయింపు ఇచ్చే సెక్షన్ 54ఈసీ బాండ్లు కొంటే పన్ను ఇంకా తగ్గుతుంది నిజమే గానీ, ఇంకా కొనని బాండ్లను లెక్కలోకి తీసుకోవడం అధికారి ఇష్టం. మిగిలింది రిఫండ్‌లో నెలకు అర శాతం వడ్డీతో వస్తుంది. అమ్మకమే చెడిపోయే ప్రమాదం ముందు ఇది పెద్ద మొత్తం కాదు. దరఖాస్తు వదిలేశాం.

కుదిరిన దారి

ముందు అగ్రిమెంటు మార్చాం. అక్క అమెరికాలో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ నోటరీ చేయించి, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే అధికారిక ధ్రువీకరణ) వేయించి పంపింది. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి, వేయించాం. కొత్త అగ్రిమెంటులో ఇద్దరి వాటాలు, ఇద్దరి బ్యాంకు ఖాతాలు, ఇద్దరి టీడీఎస్ వేర్వేరుగా రాయించాం.

కొనే ఆయన్ను ఒప్పించడమే కష్టమైంది. "ఒక్క శాతమే కదండీ అందరూ కోసేది, నాకెందుకు ఈ టెన్షన్?" అన్నాడు. తమ్ముడి వాటాకు అది నిజమే. అక్క వాటాకు అప్పటి నిబంధన ప్రకారం ఆయన టాన్ (టీడీఎస్ కోసేవాళ్ల నంబరు) తీసుకోవాలి, 27క్యూ (ప్రవాసులకు కోసిన టీడీఎస్ రిటర్ను) వేయాలి. తక్కువ కోస్తే ఆ బాకీ, వడ్డీ ఆయన మీదే పడతాయని చట్టంలో చూపించాక దారికొచ్చాడు. టాన్ పని, చలానా, రిటర్ను మా ఆఫీసే చేసి పెట్టింది. మా క్లయింటు కాని మనిషికి పని చేసి పెట్టడం వింతగా అనిపించొచ్చు. కానీ ఆయన తప్పుగా కోస్తే అక్క పాన్‌లో క్రెడిట్ కనిపించదు.

తమ్ముడు ఇంకో మాట అడిగాడు: "సార్, అక్క డబ్బు కూడా నా అకౌంట్‌లో వేయిస్తే నేనే పంపేస్తాను." వద్దన్నాను. అమ్మిన డబ్బు నేరుగా అక్క ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడితే ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితిలో, 15సీఏ, 15సీబీ కాగితాలతో (విదేశాలకు పంపే డబ్బు మీద పన్ను గురించిన ధ్రువీకరణలు) ఆవిడే బయటికి తీసుకెళ్లొచ్చు. తమ్ముడి ఖాతా మీదుగా వెళ్తే మళ్లీ ఎల్‌ఆర్‌ఎస్, మళ్లీ టీసీఎస్. రిజిస్ట్రేషన్ 2024 నవంబరులో అయింది.

ఇక ఈ కేసులో అసలు విషయం. భారతదేశం ఈ ఇంటిని 2001లో 16 లక్షలకు కొన్నట్టు చూస్తుంది. అమెరికా అదే ఇంటిని తండ్రి చనిపోయిన రోజున, ఆ రోజు మార్కెట్ ధరకు కొన్నట్టు చూస్తుంది. చనిపోయిన మనిషి అమెరికా వాసి కాకపోయినా, ఇల్లు అమెరికాలో లేకపోయినా ఆ సూత్రం వర్తిస్తుంది. 2023 జనవరి నాటి విలువకు రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టు తెప్పించాం: 1.60 కోట్లు. అక్క వాటా 80 లక్షలు, అప్పటి మారకం రేటులో సుమారు 97,500 డాలర్లు. అమ్మినప్పుడు 90 లక్షలు, సుమారు 1,06,600 డాలర్లు. రూపాయి పడిపోవడం వల్ల డాలర్లలో లాభం మరింత తగ్గి 9 వేల దగ్గర ఆగింది. 15 శాతం చొప్పున అక్కడి ఫెడరల్ పన్ను సుమారు 1,350 డాలర్లు.

ఇక్కడి 11.73 లక్షలంటే దాదాపు 13,900 డాలర్లు. అమెరికా తగ్గించేది అక్కడ ఈ లాభం మీద పడే పన్ను మేరకే. మిగతా క్రెడిట్‌ను, అంటే ఇక్కడ కట్టిన పన్నులో అక్కడ సర్దుబాటు కానిదాన్ని, పదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు గానీ, ఆవిడకు విదేశీ ఆదాయం వేరే ఏమీ లేదు, వాడుకునే చోటే లేదు. "అక్కడ తగ్గిస్తారు" అన్న నమ్మకం ఇక్కడ నిలబడలేదు.

దానివల్లే సెక్షన్ 54ఈసీ బాండ్ల విషయంలో నా మామూలు సలహా మారింది. అమెరికా పౌరులకు ఈ బాండ్లు కొనమని నేను సాధారణంగా చెప్పను. ఇక్కడ మినహాయింపు వచ్చినా అమెరికా దాన్ని గుర్తించదు. ఇక్కడ తగ్గినంతా అక్కడ కట్టాలి, పైగా అయిదేళ్లు డబ్బు కదలదు. ఈ ఇంటి మీద మాత్రం అక్కడ కట్టాల్సింది నామమాత్రం కాబట్టి ఇక్కడ మిగిలిన ప్రతి రూపాయీ నిజంగా మిగిలినట్టే.

పరిమితి 50 లక్షలు. అంతా పెట్టాలా? ఆవిడకు అక్కడ ఇంటి అప్పు ఉంది, వడ్డీ 7 శాతం. బాండ్ల వడ్డీ 5.25, పన్ను ఆదాతో కలిపితే ఏడాదికి 8 దాటుతుంది, కానీ వడ్డీ మీద పన్ను ఉంది, అయిదేళ్లలో రూపాయి ఎటు పోతుందో తెలియదు. పోటీ దగ్గరగానే ఉంది. అందుకే బాండ్లను రెండు ముక్కలుగా చూశాం. 35 లక్షలు పెడితే లాభం 47 లక్షలకు దిగుతుంది. డిపాజిట్ల వడ్డీ కలిపినా మొత్తం ఆదాయం 50 లక్షలు దాటదు, కాబట్టి సర్‌చార్జి పూర్తిగా పోతుంది. ఇంటి లాభం మీద పన్ను 11.73 నుంచి 6.11 లక్షలకు పడుతుంది, అంటే పెట్టిన డబ్బులో 16 శాతం ఆదా. పైన పెట్టే 15 లక్షలకు ఆదా 13 శాతమే. ఆ 15 లక్షలు అప్పు తీర్చడానికి పంపుకోవడమే మేలని ఇద్దరం అనుకున్నాం. అమ్మిన ఆరు నెలల లోపు, 2025 ఫిబ్రవరిలో, 35 లక్షలకు బాండ్లు కొంది. తమ్ముడు ఫ్లాట్ కొని సెక్షన్ 54 తీసుకున్నాడు. అతని విషయంలో చెప్పుకోవాల్సింది లేదు.

అక్క రిటర్ను గడువు లోపు వేశాం. ఇంటి తాలూకు 6.76 లక్షలు వడ్డీతో రిఫండ్ వచ్చింది. అమెరికా రిటర్నులో క్రెడిట్ కోసం కోసిన 12.87 లక్షలు కాకుండా చివరికి తేలిన పన్నే చూపించమని ముందే చెప్పాను. తిరిగి వస్తుందని తెలిసిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఇవ్వరు.

ఫారం 3520 పని అక్కడి ఎన్రోల్డ్ ఏజెంట్ (ఐఆర్ఎస్ గుర్తింపు ఉన్న పన్ను నిపుణులు) చూశారు. విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించి వారసత్వం వస్తే ఈ ఫారం వేయాలి. ఇందులో పన్ను ఏమీ ఉండదు, కానీ వేయకపోతే వచ్చిన మొత్తంలో నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. ఇంటి వాటా 97,500 డాలర్లే కాబట్టి అక్కర్లేదని ఆవిడ అనుకుంది. డిపాజిట్ల 12 లక్షలు కలిపితే 1,12,000 దాటింది. ఇంటి విలువ ఎలాగూ మన చేతిలో ఉన్న రిపోర్టే కదా, కాస్త తగ్గిస్తే లక్ష లోపు రాదా అని అడిగింది. అదే రిపోర్టు రేపు అమ్మకంలో కొన్న ధరకు ఆధారం. ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచడం కుదరదు. కారణాలు వివరిస్తూ లేఖ జత చేసి, ఐఆర్ఎస్ అడగక ముందే ఆలస్యంగా దాఖలు చేశారు. ఇలాంటి ఆలస్యపు ఫారాలకు చూడకుండానే జరిమానా వేయడం ఆపి, ముందు కారణాలు చదువుతామని ఐఆర్ఎస్ 2024 అక్టోబరులో ప్రకటించింది. ఇప్పటిదాకా జరిమానా నోటీసు రాలేదు.

మా పద్ధతిలో మారినవి

వారసత్వ ఇంటి కేసు వస్తే ఇప్పుడు ముందు అడిగేది అమ్మకం ధర కాదు, చనిపోయిన తేదీ, వారసులు ఏ దేశంలో పన్ను కడుతున్నారన్నది. చనిపోయిన నాటి విలువ రిపోర్టు వెంటనే తెప్పించుకోమంటున్నాం, అమ్మే ఆలోచన లేకపోయినా సరే. పదేళ్ల తర్వాత అప్పటి ధర చెప్పే వాల్యూయర్ దొరుకుతాడు గానీ, ఆధారాలు దొరకవు. ఈ కేసులో చనిపోయాక రెండేళ్ల లోపే అమ్మారు కాబట్టి అమెరికా లాభం చిన్నది. ఇరవై ఏళ్లు ఉంచి అమ్మి ఉంటే బాండ్ల లెక్క మొత్తం మారేది, నా సలహా కూడా. ప్రవాసి ఒక్కరున్నా అగ్రిమెంటు రాయకముందే పాన్ స్థితి చూస్తున్నాం.

ఈ కుటుంబానికి ఊళ్లో కాస్త పొలం కూడా ఉంది, అదీ ఇద్దరి పేరిటా. ప్రవాసులు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. పల్లెలో ఉన్న సాగుభూమి మన చట్టంలో మూలధన ఆస్తి కాదు కాబట్టి అమ్మినా ఇక్కడ పన్ను లేదు. అమెరికాలో మాత్రం 2023 జనవరి తర్వాత పెరిగినదంతా పన్ను కిందికి వస్తుంది, తగ్గించుకోవడానికి ఇక్కడ కట్టిన పన్ను కూడా ఉండదు. అంటే ఇంటి లెక్కకు పూర్తిగా తలకిందులు. 2023 నాటి విలువకు రిపోర్టు తెప్పించి ఫైల్లో పెట్టాం. అక్క అమ్మేద్దామంటోంది, తమ్ముడు ఇప్పుడే వద్దంటున్నాడు.